మంచు పద్దు

పాలు గిద్దల లెక్కన కొలిచాం. బియ్యం మానికల లెక్కన కొలిచాం. మల్లెపూలు మూరల లెక్కన కొన్నాం, మూర వేసేటప్పుడు పూలమ్మి చెయ్యి కాస్త ముడుచుకుంటుందని తెలిసి కూడా కొన్నాం. మంచుని కొలవడం మాత్రం నేను అమెరికా వెళ్ళాకే చూశాను.

బఫెలో అని ఒక వూరు. న్యూయార్క్ రాష్ట్రంలోదే గాని ఆ పేరున్న మహానగరానికి చాలా దూరం. ఈరీ సరస్సు వొడ్డున వుంటుంది. మా అమ్మాయి కాపురం ఆ వూరికి ఉత్తరపు శివారులో. 2022 అక్టోబరులో ఆర్నెల్లుందామని వెళ్ళాను. "ఈ యేడు ఎన్ని అంగుళాలో!" అని అక్కడివాళ్ళు అనుకుంటూంటే, వర్షాకాలంలో మనవాళ్ళు గోదారి ఎన్ని అడుగులకొచ్చిందని అడగడం గుర్తొచ్చింది. ఏడాదికి సగటున 95 అంగుళాలట. అంటే ఎనిమిదడుగులకి కాస్త తక్కువ. మన వీధిగుమ్మం మునిగిపోతుంది! అదృష్టం కొద్దీ అంతా ఒక్కసారి పడదు. పడ్డది కరుగుతూ, కుదించుకుంటూ వుంటుంది.

మా అమ్మాయి కొకొరాజ్ అనే సంఘంలో చేరింది. వానా, వడగళ్ళూ, మంచూ ఎవరింటి దగ్గర వాళ్ళు కొలిచి రోజూ పొద్దున్నే పంపేవాళ్ళ సంఘం. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఒక పక్క అడుగుకి మించి వాన కురిసి వరదొచ్చింది. కొద్ది మైళ్ళ అవతల రెండంగుళాలే. వూరి మధ్య ఒక్క కొలపాత్ర వుంటే ఏం తెలుస్తుంది? అందుకని 1998లో మామూలు జనాన్నే పోగుచేశారు. కొలిచే వేళ పొద్దున్న ఏడు. ఆ వేళకి మా అమ్మాయికి మనవరాలి జడలూ, టిఫిన్ డబ్బాలూ. కనక పని నా నెత్తినే పడింది.

సరంజామా పెద్దగా లేదు. తెల్లరంగు వేసిన చెక్క పలక, అంగుళాన్ని పది భాగాలు చేసిన స్కేలు. పలక చెట్టు కింద, గోడ వార వుండకూడదు. కొలిచాక తుడిచి, మళ్ళీ మంచు మీద పెట్టాలి. పొద్దున్నే వాకిలి వూడ్చి ముగ్గు పెట్టిన చేతికి అదొక లెక్కా! గొట్టంలో పడ్డ మంచుని మాత్రం వంటింట్లోకి తెచ్చి, కొలిచిన వేడినీళ్ళు పోసి కరిగించి, పోసినవి తీసేసి, మిగిలిన నీళ్ళెన్నో రాయాలి. మామూలుగా పదంగుళాల మంచు కరిగితే అంగుళం నీళ్ళు. సరస్సు మీంచి వచ్చే మంచు అలా కాదు, ఇరవై అంగుళాలు కరిగినా అంగుళం నీళ్ళు రాని రోజులుంటాయి. బియ్యానికీ మరమరాలకీ వున్న తేడా. మానెడు మరమరాలు తూకం వేస్తే ఏముంటుంది చెప్పండి?

స్కేలుకి అందనంత కొంచెం పడితే 'టీ' అనే అక్షరం వెయ్యాలి. జాడ వుందని దానర్థం. ఏమీ పడకపోతే సున్నా, అదీ పంపాల్సిందే. అసలు కొలవలేకపోతే 'ఎన్ఏ'. సున్నా వేరు, ఎన్ఏ వేరు అని మా అమ్మాయి నాకు మూడుసార్లు చెప్పింది.

నవంబరు మూడోవారంలో సరస్సు తడాఖా చూశాను. నీళ్ళింకా వెచ్చగా వుంటాయి, వాటి మీంచి చలిగాలి సరస్సు పొడుగునా వీస్తుంది, పీల్చుకున్న తేమంతా వొడ్డున సన్నటి పట్టీలా కుమ్మరిస్తుంది. ఆ పట్టీ కిందున్నవాళ్ళ పని గోవిందా. దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో 80 అంగుళాలు! ఫుట్‌బాల్ ఆటని డెట్రాయిట్‌కి మార్చుకున్నారు. మా పలక మీద అందులో ఆరోవంతు కూడా లేదు. ఎండాకాలపు జల్లు వీధికి ఈ చివర కురిసి ఆ చివర కురవకపోవడం లాంటిదే.

డిసెంబరు 23, శుక్రవారం. పొద్దున్న ఏడింటికి పలక మీద సున్నా. సన్నగా వాన పడుతోంది. మా అల్లుడు వూళ్ళో ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ముగించి, "వానే కదా, అరగంటలో ఇంట్లో వుంటా" అని ఫోను చేశాడు. వాతావరణశాఖ వాళ్ళు నాలుగు రోజులుగా గాలి, గాలి అని మొత్తుకుంటూనే వున్నారు. మా అమ్మాయి, "రావద్దండీ, అక్కడే వుండండి" అంది. అతను విసుక్కున్నాడు. ఇది ఏడవబోయి ఆపుకుని, "అత్తగారి చేత చెప్పించనా?" అంది. దాంతో ఆగాడు. నేను ఫోను ముట్టుకోలేదు సుమండీ.

వాన మంచైంది. ఆ తరవాత కిటికీలోంచి కంచె కనిపించలేదు, చెట్టు కనిపించలేదు, పక్కిల్లు లేదు. పాలల్లో ముంచినట్టు తెలుపు. రాత్రి గాలికి ఇల్లు మూలిగింది. శనివారం ఏడింటికి అలవాటు కొద్దీ స్కేలు తీశాను. అమ్మాయి తలుపుకి అడ్డం నిలబడింది. "పెరట్లోకే కదే!" అంటే, "పెరట్లోనే దారి తప్పుతావమ్మా" అంది. గడిలో ఎన్ఏ వేశాను. ఆదివారం కూడా ఎన్ఏనే.

అల్లుడు మూడో రాత్రి కూడా ఆస్పత్రిలోనే గడిపాడు. అతనిలాగే పనుల నుంచి బయల్దేరినవాళ్ళు కొందరు కార్లలోనే చిక్కుకుని పోయారు. అంబులెన్సులే కూరుకుపోయాయి. మొత్తం నలభైమందికి పైగా పోయారు. విమానాశ్రయం దగ్గర లెక్క 51.9 అంగుళాలు. మా పెరట్లో ఒక మూల గడ్డి కనపడుతోంది, గ్యారేజీ తలుపు దగ్గర నా ఎత్తు గుట్ట. ఏది రాయమంటారు? నాలుగైదు చోట్ల కొలిచి సరాసరి వేశాం.

తరవాత తెలిసిందేమిటంటే, అక్కడివాళ్ళు ఇప్పటికీ తలుచుకునే 1977 జనవరి తుఫానులో కొత్తగా పడ్డది పన్నెండంగుళాలే. గడ్డకట్టిన సరస్సు మీద పేరుకున్న మంచునే గాలి వూడ్చుకొచ్చి వూరి మీద పోసింది. 29 మంది పోయారు. అసలు 'బ్లిజర్డ్' అనడానికి అంగుళాలతో పనే లేదుట. గంటకి 35 మైళ్ళ గాలి, పావుమైలు దాటి కనపడకపోవడం, మూడు గంటలపాటు అలాగే వుండడం, అంతే.

జనవరి, ఫిబ్రవరి టీలతోనూ సున్నాలతోనూ చప్పగా నడిచాయి. అక్కడి అయిదు వూళ్ళకి ఎవరి మంచు ఎక్కువో అని పోటీ, గెలిచినవాళ్ళకి బంగారు మంచుముద్ద బహుమానం. ఆ యేడు 133 అంగుళాల పైచిలుకుతో బఫెలోదే గెలుపు. మా అల్లుడు పేపర్లో అది చూసి, ఏమీ అనకుండా మడిచి పెట్టేశాడు.

ఏప్రిల్లో ప్రయాణమయ్యే ముందు పలక కడిగి గ్యారేజీలో పెట్టబోయాను. "అప్పుడేనా అమ్మా, ఇంకా పడుతుంది" అని మా అమ్మాయి దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ పెరట్లో పెట్టింది.