సెప్టెంబరు 15 గీత

ఐస్ హాకీ ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల ముందు పుట్టి ఉంటే కానర్ మెక్‌డేవిడ్‌తో పాటు, జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లోనే ఉండేవాడు. నేషనల్ హాకీ లీగ్ నియమం అలాంటిది. ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి 18 నిండితేనే జట్లు ఆ కుర్రాణ్ణి ఎంచుకోవాలి. మాథ్యూస్ ఇంకో ఏడాది ఆగాడు. స్విట్జర్లాండ్ వెళ్లి జూరిక్ జట్టులో, తనకంటే పెద్దవాళ్ల మధ్య ఆడాడు. 2016లో టొరంటో అతన్ని అందరికంటే ముందు తీసుకుంది. ఆ అక్టోబరులో తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు.

ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీద ఆడేది. బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ల. కెనడాలో మేముండే కిచెనర్‌లో ప్రొఫెషనల్ జట్టు లేదు కానీ కిచెనర్ రేంజర్స్ అనే జూనియర్ జట్టు ఉంది. ఒక కంపెనీదో ఒక ధనవంతుడిదో కాదు, ఊరి జనానిదే. ఆడేవాళ్లలో దాదాపు అందరికీ ఇరవై ఏళ్లలోపే ఉంటాయి. శుక్రవారం రాత్రుళ్లు ఆడిటోరియం కిటకిటలాడుతుంది. ఆ జనంలోనే, పై వరుసల్లో, పెద్ద జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు కూర్చుని రాసుకుంటూ ఉంటారు. నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్ట్‌లో 32 జట్లు, ఏడు రౌండ్లు. ఏటా ప్రపంచం మొత్తం మీద దాదాపు 224 మందికి దక్కే పిలుపు కోసం ఈ పిల్లలు చలికాలమంతా వాళ్ల కళ్ల ముందు ఆడతారు.

స్కౌట్లు ఏం చూస్తారో నాకు మొదట్లో అంతుపట్టలేదు. నా పక్క సీట్లో కూర్చునే పెద్దాయన ఒకప్పుడు చిన్నపిల్లల జట్లకు కోచ్. “పక్‌ను వదిలేయండి, ఒక్క కుర్రాణ్ణి పట్టుకుని చివరిదాకా చూడండి” అని ఆయనే చెప్పాడు. అలా చూస్తే వేరే ఆట కనిపిస్తుంది. పక్ తన దగ్గరికి వచ్చేలోపు ఆ కుర్రాడు భుజం మీదుగా వెనక్కి చూశాడా? వచ్చాక ఎటు పంపాలో అప్పటికే తేల్చుకున్నాడా? పక్ పోగొట్టుకున్నాక తల వేలాడేశాడా, తిరిగి వెంటపడ్డాడా? కదలని చోటు నుంచి మొదటి మూడు అడుగులు ఎంత చురుగ్గా పడుతున్నాయి? గోడ దగ్గర బలమైనవాడు మీద పడితే నిలబడ్డాడా? గోల్స్ లెక్క వీటి తర్వాతే. ఆ లెక్కనూ విడదీసి చదవాలి. పక్కన ఎవరు ఆడారు, ఎదుటివాడు పెనాల్టీ బాక్సులో కూర్చున్నప్పుడు కొట్టినవి ఎన్ని, ఏ లీగ్‌లో కొట్టాడు అన్నవన్నీ అందులో కలిసి ఉంటాయి.

మా ఊరి మంచు మీదే ఆడిన జెఫ్ స్కిన్నర్ నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ. 2009–10లో 64 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. అయినా నేషనల్ హాకీ లీగ్ వారి సెంట్రల్ స్కౌటింగ్ ఉత్తర అమెరికా జాబితాలో మొదటి 30 మందిలో లేడు. ఎత్తు తక్కువ, తిన్నగా దూసుకెళ్లే వేగం తక్కువ అన్నారు. అతను చిన్నప్పుడు ఫిగర్ స్కేటింగ్‌లో పోటీపడినవాడు. బ్లేడు అంచుల మీద అటూ ఇటూ తిరిగే నేర్పు అక్కడిది. ఇరుకు జాగాలో గోల్ కొట్టేవాడికి కావలసింది ఆ మలుపే. కరోలినా జట్టు ఆ విలువ తెలుసుకుని ఏడో ఎంపికగా తీసుకుంది. మరుసటి ఏడే ఆ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదైంది.

పిందెను చూసి పండు రుచి చెప్పడమే ఈ పని. 1993లో అందరికంటే ముందు పిలిచిన అలెగ్జాండర్ డేగ్ మీద పెట్టుకున్న ఆశలు నెరవేరలేదు. ఆ వెంటనే పిలిచిన క్రిస్ ప్రాంగర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. తర్వాత మేటి ఆటగాడైన పావెల్ దత్సూక్‌ను రెండు డ్రాఫ్ట్‌లలో ఎవరూ తాకలేదు. 1998లో డెట్రాయిట్ 171వ పేరుగా తీసుకుంది, స్వీడన్‌కు చెందిన స్కౌట్ హోకన్ ఆండర్సన్ పట్టుబట్టడం వల్ల. గోల్‌కీపర్ల సంగతి మరీ కష్టం. తర్వాత మేటి గోల్‌కీపర్లైన ఇద్దరిలో హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 205వ వాడు, కానర్ హెలబక్ 130వ వాడు.

నన్ను వదలని విషయం మాత్రం పుట్టిన నెల. కెనడాలో పిల్లల జట్లను క్యాలెండర్ సంవత్సరం ప్రకారం విడదీస్తారు. జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్ల వయసులో ఆ తేడా ఒళ్లంతా కనిపిస్తుంది. పెద్దగా ఉన్నవాణ్ణి మంచి జట్టులోకి తీసుకుంటారు, వాడికే మంచి కోచ్, వాడికే మంచు మీద ఎక్కువ సమయం. 2013లో రాబర్ట్ డీనర్, మరో ఇద్దరు పరిశోధకులు 1980 నుంచి 2007 దాకా డ్రాఫ్ట్ అయిన కెనడా కుర్రాళ్లను లెక్కగట్టారు. జూలై–డిసెంబరు మధ్య పుట్టినవాళ్లు అందులో 34 శాతమే. కానీ తర్వాత నేషనల్ హాకీ లీగ్‌లో ఆడిన మ్యాచ్‌ల్లో వాళ్ల వాటా 42 శాతం, పాయింట్లలో 44. అంటే జీతం తీసుకుని ప్రపంచమంతా తిరిగే నిపుణుల కళ్లను కూడా పుట్టినతేదీ ఏళ్ల తరబడి మోసం చేసింది.

మన ఇళ్లలో ఇంటర్ రెండో ఏడు పిల్లాడికి వచ్చే ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకు నాకు ఇక్కడ తప్పకుండా గుర్తొస్తుంది. అదీ పదిహేడేళ్ల వయసులోనే. కానీ ఇక్కడ పేరు పిలిచాక జట్టు కొన్నేళ్లు ఆ కుర్రాడి మీద హక్కు ఉంచుకుంటుంది, జూనియర్‌కు తిప్పి పంపుతుంది, వేసవి శిబిరానికి పిలుస్తుంది, తిండి నుంచి స్కేటింగ్ దాకా మనుషుల్ని పెట్టి నేర్పిస్తుంది. ఏడో రౌండ్ వాణ్ణి కూడా. ర్యాంకు వచ్చాక మన పిల్లాడి ఎదుగుదలను కనిపెట్టుకుని ఉండేవాళ్లెవరు?

మొన్న వాటర్లూలో ఉండే ఓ తెలుగు తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయికి పదమూడు, నవంబరులో పుట్టాడు. పై స్థాయి ట్రిపుల్ ఎ జట్టు ట్రయౌట్లలో చివరిదాకా ఉంచి తీసేశారు. “అక్కా, మాన్పించేద్దామా? ఆ సమయం చదువుకైనా పనికొస్తుంది” అన్నాడు. వద్దన్నాను. కింది స్థాయి జట్టులో చేర్చమన్నాను, అక్కడ ఎక్కువసేపు ఆడిస్తారు, ఎదిగే వయసులో వాడికి కావలసింది అదే. వాడు నిజంగా ఆటగాడవుతాడో లేదో నేను చెప్పలేను, ఏ స్కౌటూ చెప్పలేడు. కానీ తొమ్మిదేళ్లకే పిల్లల్ని మంచి జట్టు, మామూలు జట్టు అని వేరుచేయడం ఈ దేశం మానుకోవాలని నా గట్టి కోరిక. కనీసం పదమూడేళ్ల దాకా జనవరి–జూన్ పిల్లలకు ఒక జట్టు, జూలై–డిసెంబరు పిల్లలకు ఒక జట్టు పెట్టి, రెండు జట్లకూ ఒకే కోచ్‌ను, సమానంగా రింక్ సమయాన్ని ఇవ్వాలి.