కొండ ఎక్కే ముందు పాపను అడగలేదు

గత జనవరి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం. హార్సిలీ హిల్స్ నుంచి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాం. మా పాప సాక్సులు విప్పుతుంటే మా ఆవిడ గట్టిగా "అయ్యో దేవుడా" అంది. రెండు మడమల మీదా బొబ్బలు పగిలి, తెల్ల సాక్సులు రక్తంతో చర్మానికి అంటుకుపోయాయి.

"ఎప్పటి నుంచి నొప్పి?"

"ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకే."

"మరి చెప్పలేదే?"

పాప ఒకసారి నా వైపు చూసి తల దించుకుంది. "నాన్న పొద్దున చిన్నాన్నకు ఫోన్లో చెప్పినాడు కదమ్మా, మా పాపే ఫస్ట్ ఎక్కుతుంది చూడు అని."

పాప ఎనిమిదో తరగతి. ఆ రోజు నిజంగానే ముందు ఎక్కింది. నేను వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను కూడా. ఆ వీడియోలో కుంటుతున్న కాలు ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు నాకు కనబడలేదు.

దారిని నేను ఎలా ఎంచుకున్నానో చెబుతాను. మదనపల్లెలో ఉంటూ హార్సిలీ హిల్స్‌కు ఎప్పుడూ కారులోనే వెళ్లాం. ఈసారి కొండ కింది నుంచి కాలిబాటన ఎక్కిద్దామనుకున్నాను. ఫోన్లో దూరం చూశాను, నాలుగు కిలోమీటర్ల లోపే. పిల్లలు రోజూ గ్రౌండులో ఆడేదానికంటే ఎక్కువేం కాదులే అనిపించింది. ఎత్తు సంగతి ఆలోచించలేదు. మదనపల్లె ఊరు సముద్ర మట్టానికి సుమారు 2,280 అడుగుల ఎత్తులో ఉంది. కొండ పైభాగం 4,100 అడుగుల పైమాటే. ఊరికీ కొండకీ మధ్య 1,800 అడుగుల తేడా.

స్కాట్లండుకు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లోనే దీనికి ఒక లెక్క చెప్పాడు. మూడు మైళ్ల నడకకు ఒక గంట, ఆపైన ప్రతి 2,000 అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. అది కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు, ఆగకుండా నడిస్తే. పిల్లలతో, నీళ్లు తాగుతూ, బండల మీద కూర్చుంటూ వెళ్తే దానికి సగం మళ్లీ కలుపుకోవాలి. నేనేమో గంటలో పైన ఉంటాం అని చెప్పి, తొమ్మిదిన్నరకు బయలుదేరదీశాను. పాపకు ముందు రోజే కొన్న కొత్త బూట్లు. మా నాలుగో తరగతి బాబు చేతిలో ఒక చిన్న నీళ్ల సీసా.

దారి మొదట్లో మేకలు తోలుకొని వస్తున్న పెద్దాయన ఒకరు ఎదురయ్యారు. "ఈ ఎండలో బిడ్డల్ని యాడికి తోలుకపోతావు నాయనా? పోతే పొద్దున్నే పోవల్ల" అన్నారు. నవ్వి ముందుకు పోయాను.

పైకి చేరేసరికి ఒంటిగంట. గాలిబండ మీద నిలబడితే గాలికి చొక్కా నిలవదు, అక్కడి నుంచి చూస్తే కింద పల్లెలు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. ఆ సంబరంలో ఎవరి కాలు ఎలా ఉందో నేను అడగలేదు. దిగేటప్పుడు మాత్రం బాబు మొరాయించడంతో ఘాట్ రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఆపి ఎక్కాం. వాడు మొరాయించకపోతే పాప ఆ కాళ్లతోనే దిగి ఉండేది.

ఆ రాత్రి మా ఆవిడ ఒకటే మాట అంది. "బాబు ఏడ్చి చెప్పగలిగినాడు. పాప చెప్పలేకపోయింది. దీనికి బూట్లు మార్చితే సరిపోదండీ."

మానిన తర్వాత మొదటి నడక పుంగనూరులో, మా అత్తగారి ఊళ్లో. సాయంత్రం చెరువు కట్ట మీద. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. వెనక్కి తిరగడం తేలికగా ఉండే దారే పిల్లలతో మొదటి దారి కావాలని అక్కడ అర్థమైంది. కొండ కాలిబాటలో సగం పోయాక తిరిగినా సగం దిగాల్సిందే. కట్ట మీద ఆ భయం లేదు. పిల్లలకు ఇంకో సరదా దొరికింది. పక్క ఇంటి వాళ్ల పుంగనూరు ఆవు. పెద్దదే అయినా మా బాబు ఛాతీ దాకానే ఉంది. అది దూడ కాదు, తల్లి అంటే వాడు నమ్మలేదు.

మార్చిలో బోయకొండ గంగమ్మ గుడికి మెట్ల దారిన వెళ్లాం. చౌడేపల్లె దగ్గర, పుంగనూరుకు ఎంతో దూరం లేదు. మెట్లదారిలో మంచి ఏమిటంటే, ఎంత ఎక్కామో ఎంత మిగిలిందో పిల్లలకు కళ్ల ముందే కనిపిస్తుంది. ఆదివారాలు మాత్రం జనం తోపులాట, అందుకని మామూలు రోజు, పొద్దున్నే, బండలు కాలకముందే ఎక్కాం. ఆ పెద్దాయన మాట అప్పటికి చెవికెక్కింది.

వానలు పడ్డాక కుప్పం వైపు కైగల్ జలపాతానికి పోదామన్నాడు బాబు. దాన్నే దుముకురాళ్లు అంటారు. పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలోనే, రోడ్డు దిగి కొద్దిసేపు నడిస్తే చాలు. నడక చిన్నదే, కానీ చిన్న దారి అంటే సులువైన దారి కాదు. నీళ్లున్నప్పుడు బండలకు పాకురు పడుతుంది. పైగా అది కౌండిన్య అభయారణ్యం ఉన్న అడవి. తమిళనాడు, కర్ణాటకల వైపు నుంచి ఏనుగులు ఇటు రావడంతో 1990లో ఏర్పాటు చేశారు. పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున ఆ దారుల్లో తిరగకూడదని అక్కడి రైతులు చెబుతారు, వాళ్ల చేలల్లోకి ఏనుగులు దిగేది ఆ వేళల్లోనే. మేము మధ్యాహ్నానికి ముందే చూసి, నీళ్లలో దిగకుండా, ఎండ ఉండగానే తిరిగొచ్చాం. బాబుకు ఏనుగు కనబడలేదని బాధ. హార్సిలీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ అని, మల్లమ్మ అనే పాపను ఏనుగులే సాకాయని కథ చెబుతారని చెప్పాను. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆ పేరు వచ్చిందంటే, "ముందు పేరే బాగుంది కదా" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎక్కడికి నడకకు పోయినా ముందు నాలుగు విషయాలు తేల్చుకుంటాం. దూరం కాదు, ఎంత ఎత్తు ఎక్కాలి? నీడ, నీళ్లు ఎక్కడున్నాయి? ఎన్ని గంటలకు, ఎక్కడి దాకా వచ్చినా సరే వెనక్కి తిరగాలి? మధ్యలో చాలనుకుంటే రోడ్డు దగ్గర్లో ఉందా? ఆ తర్వాత పిల్లలిద్దర్నీ విడివిడిగా అడుగుతాం. ఎవరు వద్దన్నా ఆ దారి వద్దు. ఎందుకు వద్దు అని కారణం అడగం. కారణం చెప్పాల్సి వస్తే పెద్దమ్మాయి మళ్లీ సరే అనేస్తుందని మా భయం.

దసరా సెలవుల్లో మళ్లీ హార్సిలీ హిల్స్ వెళ్లాం. ఈసారి దారి పాప ఎంచుకుంది. పైదాకా కారులో పోయి, కల్యాణి అని పేరున్న పెద్ద నీలగిరి చెట్టు చూసి, గంగోత్రి చెరువు చుట్టూ తిరిగి, గాలిబండ దాకా నడవడం. పాత బూట్లే వేసుకుంది. చెట్టు చూశాం, చెరువు దగ్గర చిరుతిండి తిన్నాం. గాలిబండకు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆగి, "నాన్నా, ఇక చాలు" అంది. కాళ్లకేమీ కాలేదు, ముఖంలో అలసట కూడా లేదు. ఇంకో పది నిమిషాలే కదా అనే మాట నా నాలుక దాకా వచ్చింది. మా ఆవిడ నా చెయ్యి నొక్కింది. అక్కడే ఒక బండ మీద కూర్చుని మిగిలిన జంతికలు తిని వెనక్కి వచ్చేశాం.

ఆ తర్వాతి వారం ఒక రాత్రి పాప లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బీజగణితం రెండు చాప్టర్ల నుంచి అర్థం కావడం లేదట, ఇంతవరకు ఫ్రెండ్ నోట్సు చూసి రాస్తోందట. టెస్టుల్లో మార్కులు బాగానే వస్తున్నాయి కాబట్టి మాకు అనుమానమే రాలేదు. "టీచరుతో నేను మాట్లాడనా, నువ్వే చెబుతావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నేనే చెబుతా, నువ్వు పక్కనుండు" అంది.

వచ్చే సంక్రాంతికి ఎక్కడికి పోవాలో ఇంకా తేలలేదు. బాబు కింది నుంచి కాలిబాటన హార్సిలీ కొండ ఎక్కాల్సిందే అంటున్నాడు. తెల్లవారి ఆరింటికి బయలుదేరితే వస్తానని పాప అంది. ఆ మాట ఈసారి ఇష్టపడి అందా, మమ్మల్ని సంతోషపెట్టడానికి అందా అని ఇంకోసారి అడగాలి.