సాంచాల గల్లీ, షోలాపూర్, 2024

జూన్ 14
మూడో ఇంటి పిల్ల వచ్చింది. పన్నెండో పాసు. జీఎన్ఎం నర్సింగ్ చేస్తుందట. నలభై శాతం ఉంటే చాలు, ఈమెకు అరవై ఒకటి. ఫారం నింపాలంది. రిటైరై ఆరేళ్ళయినా నా చేతిరాత గుర్తుంది వీళ్ళకు. ఫారం ఆన్‌లైన్.

జూన్ 17
నెట్ సెంటర్. కరెంటు పోయింది. గల్లీలో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలు, ఒక్కసారే ఆగాయి. సెంటర్ పిల్లవాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు: "పిన్ కోడ్ చెప్పు సారూ!"

జూన్ 20
కులం సర్టిఫికెట్ ఉంది, దాని వ్యాలిడిటీ కాగితం లేదు. పద్మశాలీలకు ప్రత్యేక వెనుకబడిన వర్గంగా ఎస్‌బీసీ కోటా, రెండు శాతం. అది కావాలంటే 1967 అక్టోబరు 13కి ముందే మహారాష్ట్రలో ఉన్నట్టు కాగితం చూపాలి. తాత అంతకు చాలా ముందే కరీంనగర్ నుంచి వచ్చి మిల్లులో చేరాడు. బడికి పోలేదు. బడి వదిలిన దాఖలా తెమ్మంటున్నారు.

జూన్ 21
మిల్లు మూతపడి ఏళ్ళయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. దేనికి కాపలా అని అడగలేదు.

జూన్ 25
కచేరీలో లైను. మా ముందు సెటిల్‌మెంటు పిల్ల. ఆమెదీ నర్సింగే. విముక్త జాతి, కాబట్టి తేదీ వేరే: 1961 నవంబరు 21. వాళ్ళ ముత్తాతల్ని నేరస్థ జాతి అని ముళ్ళతీగ కంచె సెటిల్‌మెంటులో పెట్టారు. రోజూ హాజరు. ఇప్పుడు ఇక్కడే ఉన్నట్టు రుజువు కావాలి.
మా పిల్ల అడిగింది: "ఆ హాజరు పట్టీ దొరకదా సారూ?"
గుమాస్తా తలెత్తాడు. మళ్ళీ దించాడు.

జూలై 2
తల్లి రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది. బీడీ కార్మికుల కార్డు మీద పిల్లకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. వృత్తి విద్యకు 25 వేల దాకా. కార్డులో పేరు లక్ష్మీబాయి. ఆధార్‌లో లక్ష్మి. బ్యాంకులో లచ్చవ్వ. ముగ్గురిదీ ఒకటే వేలిముద్ర.

జూలై 9
తండ్రి మొండికేశాడు. దూరం పంపడట. డాక్టర్ కోట్నీస్ మన షోలాపూర్ వాడే కదా అన్నాను. 1938లో చైనా పోయాడు, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకు వైద్యం చేశాడు.
"తిరిగొచ్చిండా?"
లేదు. 1942లో అక్కడే పోయాడు. 32 ఏళ్ళు.
ఇంకో పేరు ఆలోచించుకుని పోవాల్సింది.

జూలై 15
పక్కింటి ఆశా కార్యకర్త చెప్పులు మార్చింది. ఈ ఏడాది మూడో జత. ఆమెకిచ్చేది జీతం కాదు, మరాఠీలో 'మానధన్'. "మానం దినాం వస్తది అన్నా. ధనమే ఎప్పుడో ఒకప్పుడు."

ఆగస్టు 3
మేడ మీది పిల్ల నర్సింగ్ రెండో ఏడు. సెలవుకు వచ్చింది. వార్డులో మన ముసలమ్మ ఒకామె "పానం గుంజుతంది" అందట. ఈమె కేస్ పేపరు మీద మరాఠీ లిపిలో అట్లాగే రాసింది. కొత్త డాక్టరు దాన్ని జబ్బు పేరనుకున్నాడు. ఫోన్‌లో వెతికాడు.
ఇంకోటి. మాత్రలు లెక్కబెడుతుంటే ఇరవై అయిదు కాగానే చెయ్యి దారం కోసం పోతుందట. బీడీ కట్టకు ఇరవై అయిదు.
సిస్టర్ రోజూ తిట్టేది మాత్రం గొంతు గురించి. వార్డంతా వినపడుతుందట. ఇంట్లో నాలుగు సాంచాలు.

ఆగస్టు 12
మూడో ఇంటి పిల్లకు విచారణ తేదీ ఇచ్చారు. అడ్మిషన్ల గడువు దాటిన తర్వాతిది. తండ్రి "మంచిదే" అన్నాడు. తల్లి బీడీల చాట మీంచి తలెత్తలేదు. ఆ రాత్రి తాత ట్రంకు పెట్టె దింపింది ఆమే.

ఆగస్టు 19
నారళి పున్నమి. మార్కండేయుడి రథం. సాంచాలు బందు. మేడ మీది పిల్ల సాయంత్రం డ్యూటీకి పోతూ మెట్ల దగ్గర ఆగింది. ఏదో చెప్పింది, చిన్నగా. నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పింది, అంతే చిన్నగా.