నది దాటితే చట్టం మారింది



ఆ శుక్రవారం ప్రార్థన కూటము ముగిసిన తరువాత, మా సంఘ సహోదరుడొకరు ఒక కవరు తెచ్చి మా చేతిలో పెట్టారు. "అయ్యగారూ, ఏ కాగితమూ అక్కరలేదన్నారు గదా! ఇదేమిటో చూడండి" అన్నారు. తొమ్మిదేళ్ల వారి అబ్బాయి కారణం లేకుండా మూడు రోజులు బడి మానివేశాడనీ, ఇలాగే సాగితే తదుపరి చర్య ఉంటుందనీ వారి స్కూల్ డిస్ట్రిక్టు పంపిన నోటీసు అది. మా దంపతులిద్దరికీ నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ సలహా ఇచ్చినది మేమే.

మేము కోస్తా ఆంధ్ర నుండి అమెరికాకు వచ్చి, న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక చిన్న తెలుగు సంఘములో పరిచర్య చేస్తున్నాము. మా పిల్లలిద్దరికీ కొన్నేళ్లపాటు ఇంటివద్దనే చదువు చెప్పాము. దీనినే హోమ్‌స్కూలింగ్ అంటారు. ఊరిలో ఉన్న పెద్దవారు ఫోను చేసి, "బడికి పంపకపోతే గవర్నమెంటు వాళ్లు ఊరుకుంటారా?" అని కంగారుపడేవారు. "ఇక్కడ అది తప్పు కాదు" అని ధైర్యం చెప్పేవాళ్లం.

అది నిజమే. న్యూజెర్సీ చట్టం ప్రకారం 6 నుండి 16 ఏళ్ల వయసు పిల్లలు బడికి వెళ్లాలి, లేదా మరొక చోట బడితో సమానమైన బోధన పొందాలి. 1967లో తన కుమార్తెకు ఇంట్లో చదువు చెప్పుకున్న ఒక తల్లి మీద కేసు నడిచింది. చదువు సమానంగా ఉంటే చాలును, తోటి పిల్లల సాంగత్యం కూడా బడిలో ఉన్నంత ఉండాలని చట్టం కోరలేదని మారిస్ కౌంటీ కోర్టు ఆమె పక్షంగా తీర్పు ఇచ్చింది. మేము ఏ దరఖాస్తూ పెట్టలేదు, పిల్లల చేత ఏ పరీక్షా రాయించలేదు. ఆ సులువు చూచి, అమెరికా అంతటా ఇంతేననుకున్నాము.

2022లో ఈ కుటుంబం ఉద్యోగరీత్యా డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియా రాష్ట్రానికి మారింది. వంతెన దాటితే అరగంట ప్రయాణమే గనుక ఆదివారం ఆరాధనకు మా దగ్గరికే వచ్చేవారు. అబ్బాయిని మొదట అక్కడి ప్రభుత్వ బడిలో చేర్పించి, నెల తిరగకముందే ఇంట్లోనే చెప్పుకుందామని నిర్ణయించుకున్నారు. ఏం చేయాలని అడిగితే, "టీచరుకు ఒక మాట చెప్పి తీసుకొచ్చేయండి, చాలు" అన్నాము. బడివారు మాత్రం ప్రతి రోజూ గైరుహాజరు వేస్తూ పోయారు.

ఆ రాత్రి ఆ సహోదరుని దిగులు బడి గురించి కాదు. "దీనివల్ల మా వీసాకు ఏమైనా అవుతుందా?" అని పదే పదే అడిగారు. ఆయన భార్య కన్నీళ్లు తుడుచుకుంటూ, "అమ్మగారూ, నెల క్రితమే రాసినట్టు పాత తేదీ వేసి ఒక కాగితం ఇవ్వకూడదా?" అంది. ఒక్క క్షణం మాకు కూడా ఆ దారి బాగానే తోచింది. దానితో మా తప్పు కూడా కప్పబడిపోతుంది గదా! కాని అంతలోనే సిగ్గు వేసింది. "వద్దమ్మా. జరిగింది జరిగినట్టే చెబుదాం. తప్పు సలహా మాది అని మేము కూడా రాసి ఇస్తాము" అన్నాము.

మేము చదివినది దైవశాస్త్రంలో డిప్లొమా, న్యాయశాస్త్రం కాదు. అయినా మరునాడు నలుగురమూ కూర్చొని, పెన్సిల్వేనియా 1988లో చేసిన ఇంటి చదువు చట్టాన్ని మొదటిసారి చదివాము. అక్కడ 6వ ఏట నుండి 18వ ఏట వరకు చదువు తప్పనిసరి. చెప్పే తల్లి గాని తండ్రి గాని కనీసం హైస్కూలు పూర్తి చేసి ఉండాలి. ఇంటి చదువు మొదలుపెట్టడానికి ముందే, ఆ తరువాత ప్రతి సంవత్సరం ఆగస్టు 1 లోగా, డిస్ట్రిక్టు సూపరింటెండెంటుకు ప్రమాణపూర్వకమైన అఫిడవిట్ ఇవ్వాలి. ఏ సబ్జెక్టులో ఏమి నేర్పదలచారో, పిల్లలకు టీకాలు వేయించారో లేదో దానితోపాటు చూపాలి. చట్టం చెప్పిన సబ్జెక్టులు ఇంగ్లీషులో చెప్పాలి. తెలుగు నేర్పుకోవడానికి అడ్డేమీ లేదు, కాని అది వాటికి అదనం.

సంవత్సరానికి 180 రోజులు, లేదా చిన్న తరగతులకు 900 గంటలు, పెద్ద తరగతులకు 990 గంటలు చదువు జరగాలి. ఏ పుస్తకాలు చదివించారో ఎప్పటికప్పుడు రాసిపెట్టాలి. 3, 5, 8 తరగతుల్లో ప్రామాణిక పరీక్ష రాయించాలి. ఏడాది చివర అర్హత గల ఉపాధ్యాయులొకరు పిల్లవాడితో మాట్లాడి, అతని పని చూచి, తగిన చదువు జరుగుతోందని రాసిన పత్రం జూన్ 30 లోగా ఇవ్వాలి.

సోమవారం నోటరీ దగ్గర ఆ రోజు తేదీతోనే అఫిడవిట్ చేయించి, మా ఉత్తరం జతచేసి డిస్ట్రిక్టు ఆఫీసులో ఇచ్చారు. టీకాల కార్డు కోసం గుంటూరులోని తాతగారు బీరువా అంతా వెదికి ఫోటో తీసి పంపవలసి వచ్చింది. ప్రభువు కృపను బట్టి వ్యవహారం అంతటితో ఆగింది. గైరుహాజరు రోజులు మాత్రం రికార్డులో అలాగే ఉండిపోయాయి.

ఆ చట్టం తల్లిదండ్రుల మీద వేసిన బరువుగానే మాకు మొదట కనబడింది. బరువు కాదని ఇప్పుడూ అనలేము. కాని ఆ తల్లి రోజూ రాసిన నోటుపుస్తకం చూచినప్పుడు మాకు మా ఇల్లు జ్ఞాపకం వచ్చింది. మా పెద్దమ్మాయిని హైస్కూల్లో చేర్చబోయినప్పుడు, ఇంతవరకు ఏమేమి చదివిందని అడిగితే, చూపడానికి నలిగిన పుస్తకాలు తప్ప మా దగ్గర ఏమీ లేవు. అక్కడ అగ్నిప్రమాదాల నివారణ కూడా తప్పక నేర్పవలసిన పాఠమట. ఆ అబ్బాయి తమ అపార్ట్‌మెంటులో మంటలు లేస్తే ఎటు బయటపడాలో బొమ్మ గీసి, ఒక ఆదివారం మాకు చూపించాడు. మా పిల్లలకు ఆ పాఠం చెప్పాలని మాకు ఏనాడూ తోచలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, అమెరికాలో ఇంటి చదువు అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కాని నియమాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగానే ఎంచాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం నేర్పితే చాలు. న్యూయార్క్‌లోనైతే ముందుగా తెలియజేయాలి, బోధనా ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకొకసారి నివేదిక పంపాలి. కాబట్టి కొన్ని మనవులు:

1. మీరు నివసించే రాష్ట్రపు విద్యాశాఖ ప్రకటించిన నియమాలు మీరే చదవండి. స్నేహితుల మాట, పాస్టరు మాట దానికి బదులు కాదు.

2. బిడ్డను బడి మాన్పించక ముందే కాగితాలు సిద్ధపరచండి. నోటిమాటతో సరిపెట్టకండి. ఇచ్చిన ప్రతిదానికి నకలు, రసీదు ఉంచుకోండి.

3. టీకాల కార్డులు, పాత మార్కుల పత్రాలు ఇండియా నుండి వచ్చేటప్పుడే తెచ్చుకోండి.

4. చట్టాలు మారుతుంటాయి. ప్రతి వేసవిలోను, ఇల్లు మారిన ప్రతిసారీ మరల చూచుకోండి.

బిడ్డలకు నేర్పించే బాధ్యతను గూర్చి ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం మీద మేము చాలాసార్లు ప్రసంగించాము. అధికారులకు లోబడుటను గూర్చి రోమా పత్రిక 13వ అధ్యాయం మీద కూడా ప్రసంగించాము. ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద కలుస్తాయని మాకు ఆ కవరు నేర్పింది.

ఇప్పుడు ఇంటి చదువు గురించి ఎవరు ఫోను చేసినా మేము జవాబు చెప్పము. ముందు ఒక ప్రశ్న అడుగుతాము: "మీరుండేది ఏ రాష్ట్రమండీ?"