తాళం తిప్పే ముందు...

హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారిపై నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయంటే ఇబ్రహీంపట్నం వచ్చేసినట్టే. జగదల్‌పూర్ దారి చీలేదీ ఇక్కడే. పక్కనే కొండపల్లి చమురు డిపోలు, రోడ్డు నిండా ట్యాంకర్లు. ఇక్కడి పవిత్ర సంగమం దగ్గర కృష్ణమ్మను చేరేది గోదావరి నీళ్లే కాదు... బుడమేరు మళ్లింపు కాలువ కూడా. 2024 సెప్టెంబరు వరదలో ఆ కాలువకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లూ మునిగాయి.

నీళ్లు తీశాక ఎవరైనా ముందు చేసే పని తాళం తిప్పి చూడటం. చేయకూడనిదీ అదే! పెట్రోలు కన్నా నీరు బరువు. ట్యాంకు అడుక్కి చేరుతుంది. పంపు తోడేదీ అక్కడినుంచే. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. నీరు ఎక్కువైతే అది పెట్రోలును వదిలేసి నీటితోపాటే కిందికి దిగుతుంది. అందుకే బ్యాటరీ తీగ తప్పించి, మెకానిక్కుతో ట్యాంకు ఖాళీ చేయించాకే మిగతా సంగతి. చాలా డీజిల్ బండ్లకైతే ఫిల్టరు కింద నీటిని వదిలే మర ఉంటుంది.

మునగని కారు మొరాయిస్తే మాత్రం తాళం 'ఆన్' దాకా తిప్పి చెవి ఒగ్గండి. వెనక సీటు వైపు రెండు మూడు సెకన్లు సన్నని రొద వినిపించాలి. లేదంటే ఫ్యూజు, రిలే చూడాలి. రొద వస్తున్నా ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడుస్తుంటే ఫిల్టరును అనుమానించాల్సిందే. పెట్రోలు వాసన కొట్టిందా, ఇక ముట్టుకోవద్దు. ఇంజిన్ ఆపినా గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. బెజవాడ అవతలి కొసన ఆటోనగర్ ఉండనే ఉంది... బండిని కట్టించి లాగించుకెళ్లడమే!