తాగలేదండీ, మా నాన్నకి రెండు కనపడతన్నాయి

మా నాన్న కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు. ఓ రోజు పొద్దున్న ఆరింటికి టీ గ్లాసు అందుకోబోయి గాల్లో చెయ్యి పెట్టాడు. "గ్లాసులు రెండున్నాయేంట్రా?" అన్నాడు. లేస్తే తూలిపోయాడు. మూతి వంకర పోలేదు, చెయ్యీ పడిపోలేదు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాయన కుర్చీలోంచి లేవకుండానే "ఏ పేట?" అన్నాడు. చెప్పాను. "రాత్రి తాగింది దిగలేదు, తీసుకెళ్ళి పడుకోబెట్టండి" అన్నాడు. మా నాన్న చుక్క ముట్టడు. "తాగలేదండీ" అని మూడుసార్లు చెప్పాను. వినలేదు.

సాయంత్రం కాకినాడలో ఒక డాక్టరమ్మ ఆయన ముందు వేలు పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఎడమకి చూడమంటే ఎడమ కన్ను అదురుతూ వెళ్ళింది. కుడి కన్ను మధ్యలోనే ఆగిపోయింది. "ఇది బ్రెయిన్ స్టెమ్‌లో స్ట్రోక్" అంది.

మెదడుకీ వెన్నుపాముకీ మధ్య ఉండే కాడ అది. ఒక కన్ను బయటికి తిరిగితే రెండోది లోపలికి తిరగాలని కబురు మోసే సన్నటి నరాల తీగ అందులో ఉంటుంది. రక్తం అందక అది దెబ్బతింటే కళ్ళు జత తప్పుతాయి. ఒక కన్ను మూస్తే బొమ్మ ఒకటే, రెండూ తెరిస్తే రెండు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మాకు ఆ గడువు "తాగాడు" అన్న ఒక్క మాటలో పోయింది.

బీపీ ఉందని కూడా మాకు ఆ రోజే తెలిసింది. ఇది మా ఇంటి ఒక్కరి కథ కాదు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో చావుల కారణాలు లెక్క కడితే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో పక్షవాతానిది పెద్ద వాటా. పల్లెల్లో, కూలీల్లో బీపీ ఉండదనుకునేవాళ్ళు ఆ లెక్క చూడాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, గుర్తుపెట్టుకోండి. ఉన్నట్టుండి తూలుడు, రెండుగా కనపడటం, మాట ముద్దవడం స్ట్రోక్ కావచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. ఎన్నింటికి మొదలైందో రాసి పెట్టుకోండి. "తాగాడు" అంటే "కళ్ళు పరీక్ష చెయ్యండి, స్కాన్ రాయండి" అని గట్టిగా అడగండి.

కామందు కళ్ళలోకి చూడకూడదని మా తాత తల దించుకు బతికాడు. మా నాన్న తల ఎత్తి "చూడండి బాబూ" అన్నాడు. ఆయన పేట పేరు విన్నాడు గానీ, కళ్ళు చూడలేదు.

నాన్న ఇప్పుడు చెట్టెక్కడు. మా పేటలో నెలకోసారి బీపీ చూస్తున్నాం. ముందు ఆయనే చెయ్యి చాపుతాడు.

జై భీమ్.