ఉతకని లాల్చీ

మా పెళ్లి కుదిర్చేటప్పుడు పెద్దవాళ్లు చూడనిదంటూ లేదు. జాతకాలు చూశారు, గోత్రాలు చూశారు, అబ్బాయి జీతం చూశారు, నా చేత ఓ పాట పాడించారు. వాసన మాత్రం ఎవరూ చూడలేదు. "ఛీ, అదేం మాట!" అని మీరు ముక్కు చిట్లించకండి. ఆ మాట నాది కాదు, సైంటిస్టులది.

1995లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ అనే ఆయన 44 మంది కుర్రాళ్ల చేత రెండు రాత్రులు ఒకే బనీను తొడిగించాడు. సెంట్లూ, వాసన సబ్బులూ బంద్. ఆ బనీన్లని పెట్టెల్లో పెట్టి 49 మంది ఆడపిల్లల్ని వాసన చూడమన్నాడు. రోగాలతో పోరాడే శక్తికి సంబంధించిన జన్యువులు కొన్ని ఉంటాయి. అవి తమకంటే వేరుగా ఉన్న కుర్రాడి బనీనే వాళ్లకి ఎక్కువ నచ్చిందట! గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకి మాత్రం అంతా తారుమారు.

"చూశావా, సగోత్రం వద్దన్న మన పెద్దలకి ఇదంతా ముందే తెలుసు" అని మావారు మీసం దువ్వారు.

"మరి మేనరికాల మాటేమిటి?" అన్నాను. దువ్వటం ఆగిపోయింది.

తర్వాత జరిగిన పరీక్షల్లో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. పట్టుపురుగుల సంగతి వేరు. మగ పురుగుని రప్పించుకోవటానికి ఆడ పురుగు వదిలే పదార్థమేమిటో 1959లో బ్యూటెనాంట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. అందుకు సుమారు 5 లక్షల పురుగులు కావలసి వచ్చాయి. మనుషుల్లో అలాంటిదేదీ ఇంతవరకూ రుజువు కాలేదు. కాబట్టి ఆకర్షణ సెంట్ల ప్రకటనలు చూసి డబ్బు తగలేయకండి. మత్స్యగంధిని యోజనగంధిగా మార్చాలంటే పరాశరుడే దిగి రావాలి.

ఇంతకీ ఇదంతా ఎందుకు మొదలెట్టానంటే, నాన్న పోయిన ఏడాది సంక్రాంతికి అమ్మ దగ్గరకు వెళ్లాను. ఇల్లు దులుపుతుంటే అమ్మ ట్రంకుపెట్టె అడుగున నాన్న లాల్చీ ఒకటి కనిపించింది. మెడ దగ్గర మాసి ఉంది. అయ్యో అనుకుని, సబ్బు పెట్టి ఉతికి, నీలిమందు వేసి, ఇస్త్రీ చేసి, గొప్పగా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని ఒక్కసారి ముఖానికి ఆనించుకుంది. "తెల్లగా వచ్చిందే" అంది. ఆ రాత్రి ఆకలి లేదని మజ్జిగ తాగి పడుకుంది.

నాకేం తెలుసు? అప్పుడే పట్టిన చెమటకి అసలు వాసనే ఉండదట. మన ఒంటి మీది సూక్ష్మజీవులు దానికి వాసన తెస్తాయట. ఒక్కో మనిషిది ఒక్కో తీరు. 2018లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 96 మంది ఆడవాళ్లకి చొక్కాలు వాసన చూపించారు. తన మనిషి తొడిగిన చొక్కా వాసన చూసినవాళ్లకి కంగారు తగ్గింది. పరాయివాడి చొక్కా చూసినవాళ్ల ఒంట్లో కంగారు పడినప్పుడు పుట్టే హార్మోను పెరిగింది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అమ్మకి మిగిలిన ఆ కాస్త నాన్ననీ నేను బకెట్‌లో ముంచేశాను.

ఇప్పుడు మావారు క్యాంపుకి వెళితే, విడిచిన చొక్కా ఒకటి కొక్కేనికి అలాగే ఉంచుతాను. "ఉతికెయ్యనా అమ్మా?" అంటుంది పనమ్మాయి. "ఉండనీలే" అంటాను.

లాల్చీ మాత్రం అమ్మ పెట్టెలో ఇంకా ఉంది, మల్లెపువ్వులా తెల్లగా. అమ్మ దాన్ని మళ్లీ బయటికి తీయగా నేను చూడలేదు.